గంట తరవాత వినిపించిన ప్రార్థన

పోర్ట్ బ్లెయిర్‌లోని మా తెలుగు చర్చిలో ఆదివారం ప్రార్థన వినడానికి లోపలికి రానక్కర్లేదు. మిడిల్ పాయింట్‌లో ఆటో కోసం నిలబడ్డవాళ్ళకు కూడా వినిపిస్తుంది. పాస్టరుగారు "అందరం గొంతెత్తి ప్రార్థిద్దాం" అన్నారంటే చాలు, వందకు పైగా మనుషులు ఎవరి మొర వాళ్ళు, ఎవరికొచ్చిన మాటల్లో వాళ్ళు ఒక్కసారిగా మొదలుపెడతారు. పక్కవాళ్ళు ఏం అడుగుతున్నారో మనకు తెలియదు, మనం దేనికి ఏడుస్తున్నామో వాళ్ళకు తెలియదు. ఎదురుగా మిఠాయి కొట్టు నడిపే బెంగాలీ ఆయన ఒకసారి నన్ను ఆపి, ఇంతమంది ఒకేసారి మాట్లాడితే భగవాన్ ఎవరి మాట వింటాడని అడిగాడు. పండగ రోజు మీ కొట్టు ముందు యాభైమంది ఒకేసారి అడిగితే మీరు ఇవ్వడం లేదా అన్నాను. ఇస్తాను గాని ఒకరిది ఒకరికి వెళ్ళిపోతూ ఉంటుంది అన్నాడు. నాకు కోపం వచ్చి ఆ వారం ఆయన దగ్గర రసగుల్లాలు కొనలేదు.

ఆ గోలలో దాదాపు నలభై ఏళ్ళు దాక్కున్న మనిషి మా ప్రేమావతి వదిన.

పొట్టి మనిషి. నవ్విందంటే కళ్ళు మూసుకుపోతాయి. గోల్ ఘర్‌లో ఒక మేడ మెట్ల కింద ఆమె కుట్టుమిషన్ ఉంది. మా సంఘంలో ఆడవాళ్ళ జాకెట్లన్నీ ఆమె చేతి మీదుగా వచ్చినవే. టేపు తీసి కొలవడం నేను ఎప్పుడూ చూడలేదు. గుమ్మంలో నిలబడ్డ మనిషిని పైనుంచి కిందికి చూసి, "టీచరమ్మా, తోడా బఢ్ గయా" అని కాస్త వదులుగా కుడుతుంది. లావయ్యానన్న ఆ మాట నాకు నచ్చదు. జాకెట్ మాత్రం సరిపోతుంది.

ఆమె భర్త టైటస్ అన్నయ్యది శ్రీకాకుళం వైపు. దీవుల మధ్య తిరిగే ఫెర్రీలో, ఇంజిన్ గదిలో పని. మాయాబందర్ జెట్టీలో ఓడ ఆగినప్పుడల్లా దిగి కూరగాయలు కొనేవాడట. ఓడలో వంట చేసేవాళ్ళు వేరే ఉన్నారు, ఆయనకు కూరగాయలతో ఏం పని? ఆరు నెలలు ఆనపకాయలు మోసి మోసి, చివరకు అవి అమ్మే పిల్లను పెళ్ళి చేసుకున్నాడు. ఆ పిల్లది మాయాబందర్ దగ్గర వేబీ ఊరు. తాతలు బర్మా నుంచి వచ్చి, అడవి నరుక్కుని ఊరు కట్టుకున్న కారెన్ క్రైస్తవులు. పేరు ఏవా.

పోర్ట్ బ్లెయిర్‌లో కాపురానికి వచ్చిన రోజు అత్తగారు ఆ పేరుకు అర్థం అడిగిందట. ప్రేమ అని వస్తుందన్నాడు టైటస్ అన్నయ్య. "అయితే పేమావతి. సంగంలో పిలవడానికి బాగుంటాది" అని ముసలావిడ తేల్చేసింది. కోడలిని ఎవరూ అడగలేదు. మావాళ్ళు ఎవరినైనా కలుపుకోవాలంటే ముందు పేరు మార్చేస్తారు. మనమంతా క్రీస్తులో ఒకటే అని గట్టిగా నమ్మే మనుషులం, ఆ ఒకటి మాత్రం మాలాగే ఉండాలి.

వదిన గొడవ పెట్టుకోలేదు. వేబీ చర్చిలో పాడిన రాగాలు చాలావరకు మా చర్చిలోనూ ఉన్నాయి. రాగం ముందే వచ్చు కాబట్టి మాటలు తొందరగా పట్టుకుంది. పాటల్లోనే తెలుగు నేర్చుకుంది. అందుకే కొత్తలో కూరగాయల బేరం కూడా కాస్త కీర్తన భాషలో ఆడేదని టైటస్ అన్నయ్య ఏడిపించేవాడు. అక్షరాలు మాత్రం పట్టుబడలేదు. నేను బతుకంతా తెలుగు టీచరుగా పనిచేశాను. మొండి పిల్లల చేత గుణింతాలు దిద్దించాను. ఈవిడ మాత్రం నేను పలక తీస్తే చాలు, టీ పెట్టడానికి లేచిపోయేది. పాటల పుస్తకం పట్టుకుని, పక్కవాళ్ళు పేజీ తిప్పినప్పుడు తనూ తిప్పుతుంది.

స్త్రీల సమాజంలో ఒక్కొక్కరు వరసగా ప్రార్థన చేయాలి. వదిన వంతు వచ్చేసరికి ఎప్పుడూ వంటగదిలో పాలు పొంగుతూ ఉండేవి. సిగ్గు అనుకున్నాను. అందరూ కలిసి గొంతెత్తినప్పుడు మాత్రం ఆమె పెదవులు ఆగవు. కళ్ళు గట్టిగా మూసుకుని, చేతులు ఒళ్ళో పెట్టుకుని, అందరికంటే ఆలస్యంగా ముగిస్తుంది. టైటస్ అన్నయ్య పోయిన తరవాత ఇంకా ఆలస్యం అయింది. పాత పాస్టరు దేవకుమార్ గారికి గంటలూ గడియారాలూ లేవు. ఆయన గొంతు మెల్లగా పైకి లేచేది, మా గొంతులు ఒక్కొక్కటే తగ్గేవి. వాన వెలిశాక రేకుల మీద చుక్కలు పడ్డట్టు నాలుగైదు గొంతులు మిగిలి, అవీ ఆమెన్‌లో కలిసిపోయేవి. ఆ చుక్కల్లో వదినది ఒకటి.

ఇక అసిరమ్మ సంగతి చెప్పాలి. ఆమె జంగ్లీఘాట్ మార్కెట్‌లో చేపలు అమ్ముతుంది. చర్చిలో మొదటినుంచీ వదిన పక్కనే కూర్చుంటుంది. పుట్టిన పిల్లలు దక్కక వాళ్ళమ్మ అసిరితల్లికి మొక్కుకుని పెట్టిన పేరు అది. పెళ్ళయ్యాక బాప్తిస్మం తీసుకుంటే అప్పటి పాస్టరు మార్తమ్మ అని పేరు మార్చారు. ఆ పేరు ఆయన తప్ప ఎవరూ పిలవలేదు. ఆయన బదిలీ అయిపోయాక అసలే లేదు. దీని గురించి అసిరమ్మకు లోపల్లోపల ఒక బెంగ.

"కడవరి దినాన దేవుడు పేరు పెట్టి పిలుస్తాడంటారు గదా టీచరుగారూ. మార్తమ్మా అన్నాడనుకోండి, నాను పలకనేమో. అలవాటు నేదు గదా. అసిరమ్మా అని పిలవమందామంటే, అది అమ్మోరి పేరు, ఆయనకి నచ్చదేమో" అని నాతో ఒకసారి అంది. నేను నవ్వేశాను. ఆమె నవ్వలేదు.

కిందటేడు మా చర్చికి కొత్త పాస్టరు మణికుమార్ గారు వచ్చారు. కుర్రవాడు, మంచివాడు. టైము అంటే పట్టింపు. మా సామూహిక ప్రార్థన ఎటు పోతుందో, ఎప్పుడు ఆగుతుందో ఆయనకు అంతుపట్టలేదు. రెండు వారాలు చూసి, ఆరాధన బల్ల మీద ఒక ఇత్తడి గంట పెట్టారు. గంట కొట్టగానే అందరూ ఆపాలన్నారు.

మూడో వారం గంట మోగింది. బడిపిల్లల్లా అందరం ఠక్కున ఆపేశాం. ఒక్క గొంతు ఆగలేదు.

వదినకు ఎడమ చెవి సరిగా వినపడదు. వినపడే కుడి చెవి వైపు ఆ రోజు గోడ ఉంది, ఎడమపక్క అసిరమ్మ ఉంది. కళ్ళు మూసుకుని ఆమె తన దారిన తను చెప్పుకుపోతోంది. మెత్తటి మాటలు, చివర్లు కాస్త పైకి లేచి దిగే మాటలు. మా చర్చిలో ఎవరికీ తెలియని మాటలు. మధ్యలో స్పష్టంగా "శామ్సన్" అని వినిపించింది. అసిరమ్మ కొడుకు పేరు. ఆ తరవాత "అసిరమ్మ". మళ్ళీ ఏవో మాటలు. మళ్ళీ "అసిరమ్మ".

తలలన్నీ అటు తిరిగాయి. వదిన కళ్ళు తెరిచి, అందరూ తననే చూడడం చూసి, నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. అప్పుడు అసిరమ్మ లేచి నిలబడింది. వెనక వరసలో ఎవరో "అన్యభాష, పరిశుద్ధాత్మ వరం" అన్నారు. పాస్టరుగారు చేతులు పైకెత్తి స్తోత్రం అన్నారు. అంతే, చర్చి మొత్తం స్తోత్రం అంది.

నేను అనలేదు. ఉద్యోగంలో చేరిన కొత్తలో మాయాబందర్ బడిలో పనిచేశాను, నా క్లాసులో కారెన్ పిల్లలు ఉండేవాళ్ళు. అర్థం తెలియకపోయినా ఆ వరస నా చెవిలో ఉంది. వదిన కారెన్ మనిషని మా పాతవాళ్ళకూ తెలుసు. కాని ఆమె నోట ఆ భాష ఒక్కరూ వినలేదు, తెలిసిన సంగతే ఏనాడో మరచిపోయారు. పక్కనే కూర్చున్న మనిషికి తనదంటూ ఒక భాష ఉంటుందని తోచదు గాని, పరలోకం నుంచి దిగిందంటే మాత్రం వెంటనే నమ్ముతాం.

ఆ వారం గోల్ ఘర్ మెట్ల కింద రద్దీ చూడాలి. జాకెట్ గుడ్డ ఒక చేతిలో, జ్వరం పిల్లాడు ఇంకో చేతిలో. తలమీద చెయ్యి పెట్టమనేవాళ్ళు. పరీక్ష పెన్నులు తెచ్చినవాళ్ళు. ఇన్నేళ్ళుగా ఆమెను "ఆ మిషనావిడ" అన్నవాళ్ళు కూడా అమ్మగారూ అని వంగుతున్నారు. వదిన మిషన్ ఆపకుండా తొక్కుతూ కూర్చుంది.

జంగ్లీఘాట్‌లో అసిరమ్మ వేరే మనిషి అయిపోయింది. నన్ను చూసి కత్తి కింద పెట్టి మరీ చెప్పింది.

"ఇన్నారా టీచరుగారూ. మార్తమ్మ అన్నేదు. అసిరమ్మ అనే అన్నాడు. రెండుమార్లు అన్నాడు. నా పేరు ఆయనకి ఎరికే."

అంత సంతోషం ఆ ముఖంలో నేను ఎన్నడూ చూడలేదు. అది కారెన్ భాష అని నేను చెప్పలేకపోయాను. వంజరం ముక్కలు పట్టుకుని ఇంటికి వచ్చేశాను.

శనివారం సాయంత్రం వదిన మా ఇంటికి వచ్చింది. టీ ఇచ్చాను. తాగకుండా గ్లాసు చేతుల్లో తిప్పుతూ కూర్చుంది.

"టీచరమ్మా, మీకు మాలుమే కదా. అది మా అమ్మ జబాన్."

"తెలుసు."

"టీనా చుప్ రహో అంటోంది. అందరూ ఖుష్ ఉన్నారు, నీకేం పోయింది అంటోంది." టీనా వదిన కూతురు, ఆస్పత్రిలో నర్సు. ఆ అమ్మాయికి తెలుగు, హిందీ తప్ప తల్లి భాష రాదు. "చుప్ ఉంటే ఝూట్ చెప్పినట్టే కదా? చెబితే అసిరమ్మ మనసు టూట్ పోతుంది. నేను ఏం చెయ్యాలి?"

"ఇన్నేళ్ళూ ఆ భాషలోనే ప్రార్థన చేశావా వదినా?"

తల ఊపింది. "తెలుగులో పాట వస్తుంది. బేరం వస్తుంది. మా ఆయన్ని తిట్టింది కూడా తెలుగులోనే. దేవుడి దగ్గర కూర్చుంటే మాత్రం మా అమ్మ నేర్పిన మాటే ముందు వస్తుంది. మీ అందరి గొంతూ పెద్దగా ఉంటుంది కదా. వాటి కింద నాది ఎవరికీ కనపడదు అనుకున్నాను."

ఏదో ఒకటి అనాలి కాబట్టి టీ చల్లారిపోతోంది అన్నాను.

"మా తమ్ముడు ఫోన్ చేస్తూనే ఉన్నాడు, వేబీ వచ్చెయ్ అని" అంది లేస్తూ. "రేపు నిజం చెబుతాను. తరవాత వీళ్ళు నన్ను పరాయిదానిలా చూస్తే, నేను ఇక్కడ ఉండలేను టీచరమ్మా. బస్సెక్కి పోతాను."

మర్నాడు సాక్ష్యాల సమయంలో వదిన లేచింది. చర్చిలో ఆమె ఒంటరి గొంతు తెలుగులో వినడం అందరికీ అదే మొదలు. పాస్టరుగారు మైకు తెచ్చి ఇచ్చారు. ఆమె దాన్ని పక్కన పెట్టేసింది.

"నాకు వరం ఏమీ రాలేదు. ఆ రోజు నేను మాట్లాడింది కారెన్. మా అమ్మ భాష. నా పేరు ఏవా. మా అత్తమ్మ ప్రేమావతి అని పెట్టింది, అది కూడా నా పేరే. నేను ప్రతి ఆదివారం మీ పేర్లు చెబుతాను. జాకెట్ కుట్టేటప్పుడు ఎవరి కష్టం వాళ్ళు చెబుతారు కదా, అవన్నీ దేవుడికి చెబుతాను. ఆ రోజు అసిరమ్మ మోకాలి సంగతి, శామ్సన్ తాగుడు సంగతి చెబుతుంటే గంట మోగింది. నాకు వినపడలేదు. దేవుడు అసిరమ్మని పిలవలేదు, నేనే పిలిచాను. మాఫ్ చెయ్యండి."

ఆగి, అసిరమ్మ వైపు తిరిగింది.

"ఎప్పుడూ అసిరమ్మ అనే చెప్పాను. వేరే పేరు చెబితే ఆయనకి ఎవరో తెలీదు."

అసిరమ్మ ముఖంలోకి చూడడానికి నాకు ధైర్యం చాల్లేదు. ఆమె లేచి, చెప్పులు వేసుకుని, ఆరాధన తరవాత ఇచ్చే టీ కూడా తాగకుండా వెళ్ళిపోయింది. పాస్టరుగారి ముఖం ఎర్రబడింది. ఆయన మంచివాడని ముందే అన్నాను. "నేను తొందరపడ్డానమ్మా" అని అందరి ముందూ అన్నారు.

మిగతావాళ్ళు అంత తొందరగా దిగిరాలేదు. బయట చెట్టు కింద గుసగుసలు మొదలయ్యాయి. ఇన్నేళ్ళూ మన మధ్య కూర్చుని, మనకు తెలియకుండా వాళ్ళ భాషలో ప్రార్థన చేసిందట, అని ఒకావిడ. నాకు మండింది. "యేసయ్య గలిలయలో తెలుగు మాట్లాడాడా? మీకు మాత్రం ఆయన ఎలా అర్థమయ్యాడు?" అన్నాను. ఆవిడ నాతో ఇప్పటికీ సరిగా మాట్లాడదు. నష్టం ఏమీ లేదు.

ఆ వారం గోల్ ఘర్‌లో మిషన్ మీద దుప్పటి కప్పి ఉంది. అమ్మ సామాను సర్దుతోందని, కుట్టాల్సిన జాకెట్లన్నీ ముగించి ఇచ్చేసిందని, సోమవారం మాయాబందర్ బస్సుకి వెళ్తానంటోందని టీనా ఫోన్ చేసి ఏడ్చింది. నేను వెళ్ళాను. వదిన నన్ను చూసి నవ్వింది, కళ్ళు మూసుకుపోలేదు. అది నవ్వు కాదని నాకు తెలుసు. ఉండమని అడిగాను. కోపంగానూ అడిగాను, ఏడుస్తూనూ అడిగాను. ఆమె టైటస్ అన్నయ్య ఫొటోను చీరలో చుడుతూ, "మీరు నా మనిషే టీచరమ్మా. మీరొక్కరే సంఘం కాదు కదా" అంది.

అక్కడినుంచి నేరుగా జంగ్లీఘాట్ వెళ్ళాను. అసిరమ్మతో నాలుగు మాటలు అనాలనే వెళ్ళాను. ఆమె తలెత్తలేదు. చేప పొలుసు గీస్తూనే ఉంది.

"ఆవిడి అసలు పేరు ఏటన్నాది?" అంది.

"ఏవా."

ఇంకో చేప తీసుకుని గీయడం మొదలుపెట్టింది. నేను తెచ్చుకున్న నాలుగు మాటలూ నోట్లోనే ఉండిపోయాయి. చేప తీసుకోకుండానే వచ్చేశాను.

ఆదివారం వదిన తన పాత చోట కూర్చోలేదు. తలుపు దగ్గర, చివరి బెంచీ మీద కూర్చుంది. ఆ బెంచీ మీద ఇంకెవరూ లేరు. నేను వెళ్ళి కూర్చుందామని లేచేలోపు ఆరాధన మొదలైంది. రెండో పాట సగంలో అసిరమ్మ వచ్చింది, మార్కెట్ నుంచే వచ్చినట్టుంది, చేపల వాసన ముందొచ్చింది. తన పాత చోటు వైపు చూసింది. చివరి బెంచీ వైపు చూసింది. వెళ్ళి వదినకు ఎడమపక్కన కూర్చుంది. మళ్ళీ లేచి, ఆమె మోకాళ్ళ మీదుగా ఇబ్బందిగా దాటి, కుడిపక్కకు వెళ్ళి కూర్చుంది. వదినకు వినపడే చెవి అటే.

పాస్టరుగారు గొంతెత్తమన్నారు. ఎత్తాం. నేను ఏం ప్రార్థించానో నాకే తెలియదు, ఒక కన్ను తెరిచి వెనక్కే చూస్తున్నాను. వదిన పెదవులు కదులుతున్నాయి. అసిరమ్మ పెదవులు కదలడం లేదు. తల వంచి, చెవి అటు పెట్టి కూర్చుంది.

గంట మోగింది. వదిన ఈసారి విన్నది. మాట మధ్యలో ఠక్కున ఆపేసింది. మేమంతా ముందే ఆపేశాం.

"ఆపేసినావేటి ఏవా?" అంది అసిరమ్మ. మార్కెట్‌లో అరిచి అలవాటైన గొంతు, మెల్లగా అన్నా చర్చంతా వినిపించింది. "నా పేరింకా రానేదు."

వదిన ఆమె ముఖంలోకి చూసింది. తరవాత పాస్టరుగారి వైపు చూసింది. ఆయన గంట తీసి బల్ల కింద పెట్టేశారు. వదిన కళ్ళు మూసుకుని, ఆపిన చోటునుంచి తన భాషలో మళ్ళీ మొదలుపెట్టింది. ఇంకెవరం గొంతెత్తలేదు. ఎవరి పేరు కోసం వాళ్ళం వింటూ కూర్చున్నాం.